పార్కులో తిరిగే రోజు ప్లాన్ ఎక్కడుండాలి: ఫోన్లోనా, జేబులో కాగితం మీదా?

అమలాపురం వదిన:
నమస్కారం అండి. దసరా సెలవుల్లో మేం పదకొండు మందిమి వ్యాన్ మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్తున్నాం. మాకు రైలు లేదు కదా, రావులపాలెం మీదుగా విజయవాడ హైవే ఎక్కడమే. దారిలోనే తగులుతుంది కాబట్టి మొదటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ. రెండో రోజు పెద్ద అంబర్‌పేట దగ్గర రింగ్ రోడ్డెక్కి, 13వ ఎగ్జిట్‌లో రావిర్యాల దగ్గర దిగి వండర్‌లా. ఇంతవరకూ గొడవ లేదు. గొడవల్లా ఒకటే. ఎన్నింటికి ఎక్కడుండాలి, ఎవరు ఎవరితో వెళ్లాలి, భోజనం ఎక్కడ, ఇదంతా ఫోన్లో పెట్టుకోవాలా, కాగితం మీద రాసుకోవాలా? మా ఆయన ఫోనంటారు. నేను కాగితమంటాను.

నా పట్టుదలకి కారణం ఉంది. మూడేళ్ల కిందట ఒక నీళ్ల పార్కుకి వెళ్లాం. ప్లాన్ మొత్తం మా ఆయన ఫోన్లో, ఎక్సెల్ షీటులో, రంగురంగుల గళ్లతో ఉంది. నీళ్లలోకి దిగేముందు ఫోన్లన్నీ లాకర్లో పెట్టేశాం. లాకర్ తాళం ఆయన చేతికి, ఆయనేమో అలల కొలనులో. మా అత్తగారు నీళ్లలోకి దిగరు, బయట చెట్టు కింద బెంచీ మీద బ్యాగులు కాస్తూ కూర్చున్నారు. ఒంటిగంటకి క్యాంటీన్ దగ్గర కలవాలని షీటులో ఉంది. ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. మేం తేలేసరికి మూడున్నర. షుగర్ మనిషి, అప్పటిదాకా బిస్కెట్ ముక్క కూడా తినలేదు, బ్యాగులో ఉన్నా తియ్యలేదు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరైనా ఎక్సెల్ అంటే చాలు, ఆవిడ నా వంక చూస్తారు, నేను మా ఆయన వంక చూస్తాను.

యానాం కుర్రాడు:
వదినగారూ, తప్పు ఫోన్‌ది కాదండి, ఒక్క ఫోన్లోనే పెట్టడం తప్పు. పదకొండు మందికీ వాట్సాప్ గ్రూపు పెట్టండి. ప్లాన్ మెసేజ్ పైన పిన్ చెయ్యండి. లైవ్ లొకేషన్ ఆన్ చెయ్యండి. అందులో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడుంటాయి. 8 గంటలు పెడితే పార్కులో రోజంతా సరిపోతుంది. ఎవరు ఏ రైడ్ దగ్గరున్నారో చుక్కలా కనబడుతుంటే ఇంక కాగితం దేనికి? నీళ్లకైతే మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్‌లు ప్రతి ఫోన్ షాపులోనూ వేలాడుతున్నాయి.

అమలాపురం వదిన:
మా అత్తగారిది బటన్ల ఫోనయ్యా.

భీమవరం చెరువు గట్టు:
పౌచ్ సంగతి నన్నడగండి తమ్ముడూ. నేను రొయ్యల చెరువులు చేస్తాను. తెల్లారకముందే చెరువు మీదికెళ్లి నీళ్లలో ఆక్సిజన్ కొలవాలి, తర్వాత చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసి అక్కడికక్కడే రాయాలి. చేతులు ఎప్పుడూ తడే. యాప్‌లో రాద్దామని పౌచ్ కొని రెండు నెలలు ఓపిగ్గా చూశాను. తడి వేలితో ప్లాస్టిక్ మీద నొక్కితే ఒక అంకె నొక్కితే ఇంకోటి పడుతుంది. ఎండెక్కాక లోపల ఆవిరి పట్టి అసలేమీ కనపడదు. జెల్ పెన్నుతో రాస్తే చుక్క పడగానే అలుక్కుపోతుంది. బాల్ పెన్ను తడి కాగితం మీద రాయదు, చింపుతుంది.

చివరికి మా గుమాస్తా చెవి మీద పెట్టుకునే పెన్సిలే గతైంది. పెన్సిల్ గీత నీళ్లకి కరగదు. మొన్న వానకి పుస్తకం నానిపోతే ఎండబెట్టి చూశాం, అంకెలు పోలేదు.

వదినగారూ, మీ బీరువాలో పాత శుభలేఖలు ఉంటాయి కదా. నిగనిగలాడే వైపు పెన్సిల్ పడదు, వెనక గరుకుగా ఉండే వైపు పడుతుంది. జేబుకి సరిపడా కత్తిరించుకోండి. మామూలు కాగితమైతే నాలుగు మడతలకే అతుకుల దగ్గర చిరుగుతుంది. శుభలేఖ అట్ట రెండ్రోజులు ఆగుతుంది.

కాకినాడ టు ఓర్లాండో:
చదువుతుంటే సరదాగానే ఉంది గానీ, ఈ కాగితం వాదం అన్ని చోట్లా నిలబడదండి. నేనుండేది డిస్నీ వరల్డ్ పక్కనే. పోయినేడు మా నాన్నగారు కాకినాడ నుంచి వస్తూ రూళ్ల నోటుబుక్కులో నాలుగు పార్కులకి నాలుగు పేజీలు రాసుకొచ్చారు. మొదటి రోజు పదింటికల్లా ఆ పేజీకీ మేం తిరుగుతున్నదానికీ పొంతన లేకుండా పోయింది.

ఇక్కడ ఒకప్పుడు కాగితమే నడిచింది. 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు, పార్కు టికెట్టు మెషిన్లో పెడితే ఫలానా గంటలో రమ్మని చీటీ వచ్చేది. అది జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు. తర్వాత ఆ చీటీలు పోయాయి, 2021లో యాప్‌లోనే నడిచే జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులైలో దాన్నీ మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. ఇప్పుడు ఏ రైడ్‌కి ఎన్నింటికి రావాలో, ఏ క్యూ ఎన్ని నిమిషాలుందో అన్నీ యాప్‌లోనే. భోజనం కూడా ముందే యాప్‌లో ఆర్డరిస్తే కౌంటర్ దగ్గర క్యూ తప్పుతుంది. పైగా ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నం ఉరుములు మామూలే. మెరుపు మెరిసిందంటే బయటి రైడ్లు ఆపేస్తారు, ప్లాన్ మళ్లీ మొదటికొస్తుంది. పెన్సిల్‌తో ఎన్నిసార్లు చెరుపుతారు?

భీమవరం చెరువు గట్టు:
రబ్బరు కూడా పట్టుకెళ్తారు బాబూ.

కాకినాడ టు ఓర్లాండో:
ఆయ్, మీతో వాదించలేను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడే యూనివర్సల్ పార్కులో హల్క్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలంటే ఫోన్ లాకర్లో పడెయ్యాల్సిందే, మెటల్ డిటెక్టర్ దాటాకే పంపిస్తారు. ఆ కాసేపు మనం ఎవరికీ దొరకం. అందుకే మా ఆవిడ, ఎక్కని వాళ్లం ఎక్కడ కూర్చుంటామో ముందే నోటితో చెప్పి, నాచేత తిరిగి చెప్పించుకుని మరీ పంపిస్తుంది.

రాజమండ్రి నిదానం:
మీ గోల చూస్తుంటే పార్కుకి వెళ్తున్నట్టు లేదు, ఎలక్షన్ డ్యూటీకి వెళ్తున్నట్టుంది. ఉన్న సెలవులు నాలుగు రోజులు. ఎన్నింటికి నవ్వాలో కూడా రాసుకుంటారా? గేటు దగ్గర మ్యాప్ చూసుకోండి, కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు నడవండి. నేనెప్పుడూ అలాగే వెళ్తాను, ఎప్పుడూ బాగానే ఉంటుంది.

పాలకొల్లు మాస్టారు:
మీరు ఎంతమందితో వెళ్తారండి?

రాజమండ్రి నిదానం:
నేనూ మా ఆవిడా.

పాలకొల్లు మాస్టారు:
అదీ సంగతి. ఇద్దరికి ప్లాన్ అక్కర్లేదు. నేను ఏడాదికోసారి స్కూలు పిల్లల్ని ఫిల్మ్ సిటీకి తీసుకెళ్తాను, అరవై మందిని. 1,666 ఎకరాల చోటది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. లోపల వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు. ఒకచోట దిగి చూసి వచ్చేసరికి మనమెక్కిన బస్సు వెళ్లిపోతుంది, వేరేది ఎక్కాలి. మొదటి ఏడాది నేను పిల్లలకి ఏం చెప్పానో తెలుసా? "తప్పిపోతే బస్సు దగ్గరికి రండి" అని. ఏ బస్సు?

ఆ తప్పు నేను చెయ్యకూడదు నిజానికి, ఎందుకంటే చిన్నప్పుడు మా నాన్న నాకు అదే చేశారు. భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది తీర్థానికి తీసుకెళ్లి, జనంలో చెయ్యి వదిలితే రథం దగ్గరికొచ్చేయి అన్నారు. చెయ్యి వదిలింది. నేను రథం దగ్గరికే వెళ్లాను. రథం కదిలింది. నేను రథంతో పాటు వెళ్తున్నాను, ఆయనేమో రథం మొదట నిలబడ్డ చోట నాకోసం నిలబడ్డారు.

కాబట్టి నా మాట వినండి. ప్లాన్‌లో ఇరవై టైములు రాయొద్దు. కదలనివి మాత్రం రాయండి. ఫిల్మ్ సిటీలో స్టంట్ షోకి టైముంటుంది, అది మనకోసం ఆగదు. ఆ రోజు షోల టైములు లోపలికెళ్లగానే కనుక్కుని రాసుకోండి. కలిసే చోటు యురేకా అని రాయండి, ఫిల్మ్ సిటీలో అదొక పెద్ద ఆవరణ, అది ఎటూ పోదు. మిగతావి వరస రాసుకుంటే చాలు, గంటలు అక్కర్లేదు.

యానాం కుర్రాడు:
మాస్టారు చెప్పింది బాగుంది. కానీ వదినగారి రెండో రోజు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. వండర్‌లాలో నీళ్ల రైడ్లకి కాటన్ బట్టలు ఒప్పుకోరు, నైలాన్‌లాంటి ఈత బట్టలే వెయ్యాలి. చెరువు గట్టు గారూ, మీ శుభలేఖ ముక్క ఏ జేబులో పెట్టమంటారు? ఆ బట్టలకి జేబేది?

భీమవరం చెరువు గట్టు:
...ఇది ఆలోచించలేదు. చిల్లు పెట్టి దారం కట్టి మెడలో వేసుకోవచ్చేమో.

యానాం కుర్రాడు:
మెడలో తాడుతో జారుడు బండ ఎక్కనివ్వరండి, నేను చెప్పిన పౌచ్ కూడా అంతే. మెడకి బిగుసుకుంటే?

ఎక్సెల్ బావ:
అందరికీ నమస్కారం. పైన చెప్పిన ఎక్సెల్ షీటు నాదే. ఇప్పుడే ఖాతా తెరిచాను, మా ఆవిడ పక్కగదిలోంచి టైపు చేస్తోంది. నా పక్షం కూడా వినండి. ఆ రోజు షీటు ఒంటిగంట దాకా బ్రహ్మాండంగా పనిచేసింది. చెడగొట్టింది ఎత్తు కొలత. మా చిన్నవాడు ఒక రైడ్ దగ్గర బోర్డు కింద నిలబడితే రెండు వేళ్లు తక్కువొచ్చాడు. లోపలికి పంపలేదు, వాడు ఏడుపు. నేను వాణ్ణి తీసుకుని వేరే వైపెళ్లాను, మా తమ్ముడి పిల్లలు ఇంకో వైపు. ఒక ప్లాన్ మూడు ముక్కలైంది. అది ఫోన్లో ఉన్నా, తాటాకు మీదున్నా ముక్కలయ్యేదే. ఈసారి ఇంట్లోనే పిల్లల ఎత్తులు గోడ మీద గీసి కొలిచాను. పెద్ద కోస్టర్లెక్కే జట్టు ఒకటి, ఎక్కలేని జట్టు ఒకటి. దానికి రెండు షీట్లు...

అమలాపురం వదిన:
చూశారా, రెండు షీట్లట.

పాలకొల్లు మాస్టారు:
బావగారు ఎత్తులు ముందే కొలవడం మెచ్చుకోవలసిన పని. నా అరవై మందిలో కూడా ఏడుపులన్నీ ఆ బోర్డు దగ్గరే. అక్కడిదాకా క్యూలో నిలబెట్టి వెనక్కి పంపడం కన్నా, ఇంటి దగ్గరే చెప్పేస్తే పిల్లాడు ముందే ఏడ్చేసి తయారుగా ఉంటాడు.

రాజమండ్రి నిదానం:
ఇద్దరమే వెళ్తానని నన్ను పక్కన పెట్టారు గానీ ఒక మాట చెప్పనివ్వండి. మీరందరూ ప్లాన్ ఏ వస్తువులో ఉండాలని కొట్టుకుంటున్నారు. ఏ మనిషి దగ్గరుండాలని ఒక్కరూ అడగలేదు. తిరిగేవాడి దగ్గర ఉంటే వాడితోపాటే తప్పిపోతుంది. నీళ్లలో దిగేవాడి దగ్గర ఉంటే లాకర్లోకి పోతుంది. ఆ గుంపులో రోజంతా ఒకేచోట ఉన్నది ఎవరు? పెద్దావిడ. ఆవిడకి తప్ప అందరికీ ప్లాన్ తెలుసు.

కాకినాడ టు ఓర్లాండో:
నిదానం గారూ, ప్లాన్ అక్కర్లేదన్న మనిషి చెప్పాల్సిన మాట కాదండి ఇది. కానీ నిజం. మా నాన్నగారు కూడా రెండో రోజు నుంచి కోస్టర్లు ఎక్కలేదు, నీడలో కూర్చున్నారు. ఆ నోటుబుక్కులో మా లాకర్ నెంబర్లూ, పిల్లల్ని తోసే స్ట్రోలర్ బండి వదిలిన చోటూ, అన్నీ ఆయనే రాసి పెట్టుకున్నారు. మేం యాప్ చూసుకుంటూ మారిపోయేవాళ్లం, మారినప్పుడల్లా ఆయనకి ఒక ఫోన్ కొట్టేవాళ్లం.

యానాం కుర్రాడు:
నేను పూర్తిగా ఒప్పుకోను. ఆవిడ బాత్రూంకి వెళ్తే? అసలు ఒక పెద్దావిణ్ణి రోజంతా బెంచీకి కట్టెయ్యడం ఏం న్యాయం? ఫిల్మ్ సిటీలో ఆవిడ కూడా బస్సెక్కి తిరగొచ్చు కదా. నా మాటగా ఇంకోటి చెయ్యండి. ఆ కార్డు రాశాక ఫోటో తీసి అందరి ఫోన్లకీ లాక్ స్క్రీన్‌గా పెట్టండి. ఫోన్ తెరవకుండానే కనపడుతుంది, నెట్ అక్కర్లేదు, వాట్సాప్‌లో గుడ్ మార్నింగుల కింద వెతుక్కోనక్కర్లేదు.

భీమవరం చెరువు గట్టు:
ఇది బాగుంది తమ్ముడూ. కానీ మీ 8 గంటల లైవ్ లొకేషన్ పెట్టి, ఎండలో వెలుతురు ఫుల్లుగా పెంచి, వీడియోలు తీస్తే సాయంత్రానికి ఆ లాక్ స్క్రీన్ కూడా కనపడదు. పవర్ బ్యాంకు మర్చిపోవద్దు. ఆవిడ బటన్ల ఫోన్ మాత్రం నాలుగు రోజులు నడుస్తుంది, చూస్తూండండి.

అమలాపురం వదిన:
అందరికీ థాంక్సండి. యానాం తమ్ముడి మాట నాకు గుచ్చుకుంది. ఫిల్మ్ సిటీ రోజు అత్తగారిని మాతోనే తిప్పుతాం, కార్డు నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. వండర్‌లా రోజు మాత్రం ఆవిడ దగ్గరే. ఒక్కర్తినే కూర్చోబెట్టను, మా ఆడపడుచు కూడా నీళ్లలోకి దిగదు, ఇద్దరూ ఉంటారు. లాక్ స్క్రీన్ కూడా పెట్టిస్తాను, మా ఆయన సంతోషం కోసం.

మా పెళ్లి శుభలేఖలు ఇంకా ఓ కట్ట మిగిలున్నాయి. ఒకటి తీసి, వెనక పెద్ద అక్షరాలతో రాసి, కళ్లజోడు లేకుండా చదవగలరో లేదోనని ఇందాకే అత్తగారి చేతికిచ్చాను. కలిసే చోటు, మా ఆయన నెంబరు, నా నెంబరు, లాకర్ నెంబరు రాయడానికి ఖాళీ గీత, భోజనం ఒంటిగంటకి. అంతే.

ఆవిడ మొత్తం చదివారు. పెన్సిల్ ఇమ్మన్నారు. ఒంటిగంట కొట్టేసి పన్నెండున్నర అని రాసి ఇచ్చారు.