అప్‌డేట్: దోమల కాయిల్ బదులు వేపనూనె, చివరికి ఏం తేలిందంటే

కాయిల్ పొగకి మా బాబుకి దగ్గు వస్తోంది, దోమలు పోవడానికి మొక్కలతో ఏదైనా దారి ఉందా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మునిసిపాలిటీ మలేరియా విభాగం ఆయన వచ్చి చూశారు. లార్వాలు (నీళ్లలో పెరిగే దోమ పిల్లపురుగులు) ఎక్కడున్నాయో తెలుసా? దోమలు పోతాయని కొన్న నిమ్మగడ్డి కుండీల కింది పళ్లేల్లో! ఫ్రిజ్ వెనక ట్రేలో కూడా. పగలు కుట్టే చారల దోమలవి, డెంగీ రకం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలట. ఇప్పుడు ప్రతి ఆదివారం పళ్లేలు, ట్రే తోమి ఆరబెడుతున్నాం. అసలు పని చేసింది ఇదే.

ఖాళీ చేయలేని నీళ్ల మీటరు గుంటలో మాత్రం మీలో ఒకరు చెప్పిన వేపనూనె పోస్తున్నాను. నూనె ఒక్కటే పోస్తే పైన తేలిపోయింది. సబ్బునీళ్లలో తెల్లగా అయ్యేదాకా గిలకొట్టి పోశాక లార్వాలు తగ్గాయి. వారానికోసారి మళ్లీ పోయాలి.

కొబ్బరినూనెలో వేపనూనె కలిపి కాళ్లకి రాస్తే దోమలు కుట్టడం గంటా రెండు గంటలు ఆగుతోంది, కానీ ఆ వాసనకి మా బాబు పారిపోతున్నాడు. వేపాకు పొగ మానేశాం, దానికీ దగ్గే. తులసి, నిమ్మగడ్డి కుండీలు ఊరికే పెడితే తేడా ఏమీ లేదు. నిమ్మగడ్డి టీకి పనికొస్తోంది.