తెలుగులో మాంత్రికుల కథలు, దయ్యాల నవలలు నలుగురం కలిసి చదవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

అమావాస్య_పిల్ల (హైదరాబాద్) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో ఉంటాను, ఐటీ ఉద్యోగం. డ్రాగన్లు, అంతరిక్ష నౌకలు, పాడుబడ్డ బంగళాలు ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఏది దొరికినా వదలను. ఆఫీసులో నాలాంటి పిచ్చివాళ్ళం ఐదారుగురం ఉన్నాం. భోజనాల దగ్గర మా వాదనలు భరించలేక పక్క టేబుల్ వాళ్ళు లేచి వెళ్ళిపోతుంటారు. ఈ మధ్య మాలో ఒకమ్మాయి "ఇవన్నీ తెలుగులో ఎందుకు చదవట్లేదు మనం?" అంది. ఎవరం నోరెత్తలేదు.

సరే అని వాట్సాప్ గ్రూపు పెట్టాం. పెట్టీ పెట్టగానే ఎవరో కుప్పలు కుప్పలుగా పీడీఎఫ్‌లు పడేశారు. అన్ని ఉన్నాయి కాబట్టి ఒక్కటీ తెరవలేదు ఎవరూ. ఇప్పుడు అందులో గుడ్‌మార్నింగులు తప్ప ఏమీ రావు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు? ముందే చదివేసినవాళ్ళు ముగింపు చెప్పేయకుండా ఎలా ఆపడం? ఇంకో సంగతి, చందమామ సీరియల్స్ అంటే పిల్లల కథలని మావాళ్ళు నవ్వుతున్నారు. ముప్పై దాటినవాళ్ళు కూర్చుని చదివేటట్టు ఉంటాయా అవి?

తెనాలి_అద్దెపుస్తకాలు జవాబు:

అమ్మా, నేను తెనాలిలో అద్దె పుస్తకాల షాపు నడిపినవాణ్ణి. రోజుకు అర్ధరూపాయి. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక మూసేశాను. ఏది సాహిత్యమో ఏది కాదో తేల్చే చదువు నాకు లేదు గానీ, ఏ పుస్తకం అట్ట ఊడి తిరిగొస్తుందో మాత్రం బాగా తెలుసు. దయ్యాల నవలలకు నెలకోసారి కొత్త అట్ట వేయాల్సి వచ్చేది.

ఏ పుస్తకం అన్నది తర్వాత. ఎంత చొప్పున చదవాలి అన్నది ముందు చూసుకోండి. మన దగ్గర ఈ రకం కథలు చాలావరకు పుట్టింది సీరియల్‌గానే, నెలకో ముక్క, వారానికో ముక్క. ఆ ముక్క ఎక్కడ తెగాలో చూసుకుని మరీ రాసేవాళ్ళు. దాన్ని ఒక్క రాత్రిలో లాగించేస్తే కథ తెలుస్తుంది, అంతే. తర్వాత ఏమవుతుందా అని వారమంతా బుర్ర బద్దలు కొట్టుకోవడం ఉంటుందే, అది పోతుంది. నన్నడిగితే అసలు సరుకు అదే.

ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి 'తులసిదళం' వస్తున్నప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. ఆ చిన్నపిల్లకు వచ్చింది జబ్బా, చేతబడా అని మా హాస్టల్లో రెండు పార్టీలు. ఒక వారం డాక్టర్ల పార్టీది పైచేయి, మరు వారం మంత్రగాళ్ళ పార్టీది. నవలే ఆ రెండు దారుల్లోనూ నడుస్తుంది మరి. దాన్ని దుమ్మెత్తిపోస్తూ రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. షాపు పెట్టాక రెండూ పక్కపక్కనే పెట్టాను. ఒకేసారి రెండూ పట్టుకెళ్ళినవాళ్ళు ఉన్నారు, అది రాత్రికి, ఇది పొద్దుటికి.

కాబట్టి నా మాట విని ఇలా చేయండి. పుస్తకం ఒక్కటే కొనండి, అది ఒక్కరి దగ్గరే ఉంచండి. వారానికి ఒక్క భాగం, ఒకరు బిగ్గరగా చదవాలి, మిగతావాళ్ళు వినాలి. పీడీఎఫ్‌లు తీసేయండి. ముందే చదివేసేవాళ్ళ బెడద దానంతటదే తగ్గుతుంది. చందమామలో ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో వేసేవాళ్ళు. మీరు ఆ పని పోయినవారం రానివాళ్ళకు అప్పగించండి. వాళ్ళకు తెలియదు కదా అంటావేమో. తెలియదు కనకనే! నోటికొచ్చింది కల్పించి చెప్తారు. ఒక్కోసారి అసలు కథ కంటే అదే బాగుంటుంది.

ఇక పిల్లల కథలన్న మాట. 1954లో 'తోకచుక్క' మొదలుకొని 1978లో 'భల్లూక మాంత్రికుడు' దాకా ఆ పన్నెండు సీరియల్స్ రాసింది ఒకే మనిషి, దాసరి సుబ్రహ్మణ్యం గారు. పత్రికలో ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. చిత్రా గీసిన బొమ్మ అయితే దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం, రాసిందెవరో మాత్రం మాకు తెలియదు. మీరు 'శిథిలాలయం' తీసుకోండి. శిఖిముఖి, విక్రమకేసరి అని ఇద్దరు కుర్రాళ్ళు, అడవి, పాడుబడ్డ గుడి. నీతి బోధ మచ్చుకు కూడా ఉండదు. ఒక గండం నుంచి బయటపడి ఊపిరి పీల్చుకునే లోపు ఇంకోటి మీద పడుతుంది. ఒక్కో భాగం చదవడానికి పావుగంట చాలు. నవ్వినవాళ్ళను ఆ పావుగంట కూర్చోబెట్టు, తర్వాత సంగతి వాళ్ళే అడుగుతారు.

చందమామ పెట్టినవాళ్ళలో ఒకరైన చక్రపాణిదీ, దానికి సంపాదకుడిగా ఉన్న కొడవటిగంటి కుటుంబరావుదీ మా ఊరే. ఈ మాట చెప్పకుండా చందమామ గురించి మాట్లాడితే మావాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు.

ఓరుగల్లు_2504 జవాబు:

పెద్దాయనా, దండం. మీరు చెప్పిన పద్ధతి బాగుంది గానీ అందరూ మాంత్రికుల దగ్గరే ఆగిపోతారేంటి? సైన్స్ ఫిక్షన్‌కు దిక్కెవరు?

నా పేరు చూస్తే ఈపాటికి అర్థమై ఉంటుంది. 'ఆదిత్య 369' లో టైమ్ మెషీన్ ముందు 1526కు, తర్వాత 2504కు పోతుంది. 1991లో వచ్చినప్పుడు నేను పుట్టనేలేదు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లలో వేస్తే మా బాపును తీసుకుని వెళ్ళాను. అందరూ రాయలవారి దర్బారుకు ఈలలు వేశారు. నాకేమో అణుయుద్ధం తర్వాత జనం భూమి కింద బతికే ఆ రెండో సగమే ఇష్టం. ఇంటర్వెల్లో ఇదే మీద బాపుకూ నాకూ గొడవ. "అదంతా అట్టపెట్టెల సెట్టింగు" అంటాడాయన. అట్టపెట్టె అయితేనేం, ఆ రోజుల్లో అంత దూరం ఆలోచించారా లేదా?

పుస్తకాల్లో మాంత్రికులు దొరికినంత సులువుగా రాకెట్లు దొరకవు, ఒప్పుకుంటాను. యండమూరిదే 'చీకట్లో సూర్యుడు' ఉంది, దయ్యాల మోజు తీరాక అది పట్టుకోండి.

పెద్దాయన మాటకు నాదొక చేర్పు. వచ్చే భాగంలో ఏమవుతుందో నోటితో చెప్పుకుంటే గాలికి పోతుంది. తలా ఒక పేజీ రాసి తీసుకురండి. మా దోస్తులం అట్లే చేస్తాం. ముందు మా పేజీలు చదువుతాం, ఆ తర్వాతే పుస్తకం తెరుస్తాం. మా వాడొకడు ప్రతిసారీ హీరోను చంపేస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా వినడు. వాడి పేజీ కోసమే వచ్చేవాళ్ళు తయారయ్యారిప్పుడు.

న్యూజెర్సీ_అత్తయ్య జవాబు:

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. మాట్లాడితే వాడికి అర్థమవుతుంది, తెలుగు చదవడం మాత్రం రాదు. కాబట్టి రాత్రి పడుకునే ముందు నేనే చదువుతాను. దాసరి గారి చందమామ సీరియల్ 'యక్షపర్వతం' నడుస్తోంది. ఖడ్గవర్మ పేరు వింటే చాలు, మంచం మీద లేచి నిలబడతాడు. జీవదత్తుడు వాడికి అంతగా ఎక్కలేదు, "ఆయన ఆలోచిస్తూ కూర్చుంటాడు" అంటాడు. నాకేమో చిన్నప్పటి నుంచీ జీవదత్తుడే. 'తులసిదళం' మాత్రం పిల్లలున్న ఇంట్లో పై అరలో పెట్టండి, అది వాళ్ళ వయసుకు కాదు.

తెనాలి బాబాయ్ గారూ, మీతో ఒక పనుంది. మా అమ్మ వారపత్రికల్లోంచి దయ్యాల సీరియల్ ఒకటి చింపి, వరసగా పెట్టి దారంతో కుట్టుకుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు తెచ్చుకున్నాను. ఒక పక్క స్మశానంలో పూజ జరుగుతుంటుంది, పేజీ తిప్పితే ఉసిరికాయ పచ్చడి చేసే విధానం సగం, దాని కింద పళ్ళపొడి ప్రకటన. ఆ మిగతా సగం పచ్చడి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మావాడు కథ ఆపించి మరీ ఆ ప్రకటనలు చదివించుకుంటాడు. కాగితం పసుపుపచ్చగా మారి అంచులు రాలిపోతున్నాయి, కుట్టు వదులైంది. దాన్ని ఎలా బాగుచేయాలో చెబుతారా? టేపు వేయమన్నారు ఒకరు.

అమావాస్య_పిల్ల:

అందరికీ థ్యాంక్స్! 'శిథిలాలయం' ఒక్క కాపీ కొన్నాను. గ్రూపులో పీడీఎఫ్‌లు తీసేస్తే ఇద్దరు అలిగారు, ఒక్కటీ చదవకపోయినా సరే. ఆదివారం సాయంత్రం మా ఫ్లాట్ టెర్రస్ మీద మొదటి భాగం. పేజీ రాసుకురావడం అనేసరికి మావాళ్ళకు టెన్షన్ పట్టుకుంది, తెలుగు రాసి ఏళ్ళయిందట. తప్పులు లెక్కపెట్టబోమని మాటిచ్చాను. ఓరుగల్లు అన్నా, సైన్స్ ఫిక్షన్ రెండోది. 'చీకట్లో సూర్యుడు' కోసం ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకుతాను, దొరక్కపోతే డిసెంబరు బుక్ ఫెయిర్ దాకా ఆగాలి.

బాబాయ్ గారూ, దయ్యాల నవల చదివేటప్పుడు లైట్లు ఆర్పాలా వద్దా అని మాలో ఓటింగు జరుగుతోంది. మీరేమంటారు?

తెనాలి_అద్దెపుస్తకాలు:

లైట్లు ఆర్పితే చదివేవాడికి అక్షరాలు ఎలా కనిపిస్తాయమ్మా? చదివే మనిషి దగ్గర ఒక్క దీపం ఉంచి మిగతావి తీసేయండి.

న్యూజెర్సీ అమ్మాయ్, టేపు జోలికి పోవద్దు. కొన్నేళ్ళకు అది ఎండి ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం కాగితంలో ఉండిపోతుంది. ముందు పాత దారం జాగ్రత్తగా కత్తిరించి పేజీలు విడదీయి, వరస తప్పకుండా పెన్సిల్‌తో మూలన అంకెలు వేసుకో. మైదాపిండి నీళ్ళలో కలిపి సన్నసెగ మీద పల్చగా ఉడికించు, ఉండలు కట్టకూడదు. పల్చటి టిష్యూ కాగితం సన్నని పట్టీలుగా కత్తిరించి, చిరిగిన అంచులకు ఆ జిగురుతో అతికించు. పైన బరువు పెట్టి ఒక రోజంతా ఆరనివ్వు. తర్వాత కుట్టుకో. పాత రంధ్రాల్లోంచే సూది పోనివ్వాలి, దబ్బనంతో కొత్తవి పొడిచావంటే ఆ కాగితం తట్టుకోదు. మేమైతే పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్ళం. నువ్వు వేయొద్దు, అది విషం, ఇంట్లో పిల్లాడున్నాడు. పచ్చడి పేజీ మీద మాత్రం పట్టీ అడ్డంగా వేయకు, వాడు ఊరుకోడు.