చేదు కర్రపెండలం ఉడికిస్తే సరిపోతుందా?

ప్రశ్న: దుంప కాస్త చేదుగా ఉంది. తొక్క తీసి కుక్కర్లో ఉడికిస్తే విషం పోతుందా? దీని పిండిని నేరుగా వాడొచ్చా?

జవాబు 1: చేదు దుంపకు ఉడికించడం ఒక్కటే చాలదండీ. కణాలు చితికితేనే అందులోని లినమారిన్ అనే సయనైడ్ దాగున్న పదార్థాన్ని, దుంపలోనే ఉండే లినమరేస్ అనే ఎంజైమ్ విడగొడుతుంది. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సయనైడ్ అనే విషం 26 డిగ్రీలకే ఆవిరవుతుంది. నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ ముందే పాడైపోయి లినమారిన్ ముక్కలోనే మిగులుతుంది. అందుకే తొక్క తీసి, మునిగేలా నీళ్లు పోసి మూడు రోజులు, వేలితో నొక్కితే చితికే దాకా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, గట్టిగా పిండి, ఆరబెట్టి, ఆ తర్వాతే వండాలి. గంటో రెండు గంటలో నానబెట్టడం దండగ.

జవాబు 2: తీపి రకమైతే ఇంత శ్రమ అక్కర్లేదు. పైతొక్కతో పాటు లోపలి మందపాటి పొర కూడా తీసేయండి, విషం అక్కడే ఎక్కువ. చిన్న ముక్కలు, బోలెడు నీళ్లు, మూత వద్దు, ఉడికిన నీళ్లు పారబోయాలి. కుక్కర్ మాత్రం వద్దు.

జవాబు 3: పిండిని నేరుగా వాడొద్దు. విషం పోవాలంటే దాన్ని నీళ్లతో ముద్దలా తడిపి, పలుచగా పరిచి, ఎండలో రెండు గంటలు లేదా నీడలో ఐదు గంటలు ఉంచి, అదే రోజు వండేయండి.

ప్రశ్న అడిగినవారు: చేదు లేకపోతే భయం లేనట్టేనా?

జవాబు 1: అలా అనుకోవద్దు. చేదు ఒక సూచన మాత్రమే. వానలు లేని ఏడాది తీపి రకాల్లోనూ విషం పెరుగుతుంది. తిన్నాక తలతిరుగుడు, వాంతులు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.