గుండె ఆగితే అంబులెన్స్ ఆగాలా, సాగాలా?

కృష్ణాతీరం: నిరుడు మా నాన్నగారిని ఛాతీనొప్పితో విజయవాడ తీసుకువెళ్తుండగా దారిలోనే గుండె ఆగింది. ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి) బండిని పక్కకు ఆపించి, పదిహేను నిమిషాలు ఛాతీ నొక్కుతూ ఉండిపోయారు. ఆసుపత్రి అక్కడికి ఎనిమిది కిలోమీటర్లే. ఆగకుండా వెళ్ళి ఉంటే ఆయన దక్కేవారని నా నమ్మకం.

రాత్రిడ్యూటీ: నేను పన్నెండేళ్ళుగా అంబులెన్స్‌లో ఈఎంటీనండీ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కితేనే మెదడుకు కాస్తయినా రక్తం అందుతుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఒక చేత్తో పైకడ్డీ పట్టుకోవలసిన మనిషి అలా నొక్కలేడు. బండి కుదుపులకు ఏఈడీ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే పెట్టె) కూడా గుండె లయను సరిగ్గా చదవలేకపోవచ్చు. 2020లో జామా అనే వైద్య పత్రిక ప్రచురించిన ఉత్తర అమెరికా అధ్యయనంలోనూ, ఉన్నచోటే ప్రయత్నం కొనసాగించినవారిలోనే ఎక్కువమంది ప్రాణాలతో బయటపడ్డారు.

కృష్ణాతీరం: ఆ లెక్కలో ఎక్కువమంది ఇంట్లోనో వీధిలోనో కుప్పకూలినవారే. మా నాన్నగారు అప్పటికే బండిలో ఉన్నారు. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవడానికి కావలసింది ఆసుపత్రిలో ఆ పని చేసే గది, క్యాథ్‌ల్యాబ్; రోడ్డు పక్కన చెట్టునీడ కాదు. ఎనిమిది కిలోమీటర్లండీ!

బెజవాడబాబాయి: సాయంత్రమైతే ఆ ఎనిమిదికీ అరగంట పడుతుంది.

రాత్రిడ్యూటీ: రెండు మూడు షాకులకూ గుండె లొంగకపోతే బయలుదేరడమే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ మీరు ఆ ఎనిమిది కిలోమీటర్లే పట్టుకున్నారు. రెండు నిమిషాలు నొక్కేసరికే చేతుల్లో పట్టు తప్పుతుంది, మనిషి మారాలి. పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) బండి నడుపుతుంటే వెనుక మారేదెవరు?

కృష్ణాతీరం: నేను లేనా? ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశారు. చిన్న అద్దంలోంచి మా నాన్నగారి పాదాలు కదలడం మాత్రమే కనిపించింది. ఆయనే కదులుతున్నారనుకుని సంతోషించాను. గుండె ఆగిందన్న మాట కూడా ఎవరూ చెప్పలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో చూపించి ఉంటే నేను నొక్కేవాణ్ణి.

గుంటూరుకారం: ఇంతకీ ఏఈడీతో షాక్ ఇచ్చారా?

కృష్ణాతీరం: చిన్న బండి. అలాంటి పెట్టె ఏదీ నేను చూడలేదు.

రాత్రిడ్యూటీ: అది లేని బండైతే నా వాదన సగం కూలిపోయినట్లే. సీపీఆర్ (ఛాతీ నొక్కడం) కూడా అందకపోతే షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది; నొక్కడం ఆ తగ్గుదలను నెమ్మదింపజేస్తుందే గాని షాక్ పని చేయలేదు. బంధువులను ముందు కూర్చోబెట్టడం నాకూ అలవాటే. బండి ఆపిన క్షణమే మిమ్మల్ని వెనుకకు పిలవవలసింది.