బ్యాకప్ నుంచి కొత్త కంప్యూటర్‌లోకి పేజ్‌మేకర్ ఫైళ్లు వచ్చాయి, కానీ తెలుగు కనిపించడం లేదు

తెనాలి అచ్చుకొట్టు:
నమస్కారం. తెనాలిలో మాది చిన్న ప్రెస్సు. మిషన్ దగ్గర మా వారు, కంప్యూటర్ దగ్గర నేను. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, దశదిన కర్మ పత్రికలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. 2011 నుంచి ఒకటే కంప్యూటర్: విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. పోయిన నెల దాని హార్డ్‌డిస్క్ టక్కుటక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టి మూడో రోజుకు ఆగిపోయింది. రిపేరు షాపులో చెవి దగ్గర పెట్టుకుని విని, పెదవి విరిచి ఇచ్చేశారు.

మా తమ్ముడు ఎప్పుడో ఒక 1 టీబీ డిస్క్ తగిలించి, ప్రతి ఆదివారం సాయంత్రం 7 గంటలకు బ్యాకప్ జరిగేలా పెట్టి వెళ్లాడు. ఆ వేళకు కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే వాడిని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు అదే దిక్కయింది.

కొత్తది విండోస్ 11. డిస్క్ పెట్టి చూస్తే పాత కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, దాంట్లో తేదీల ఫోల్డర్లు, వాటిలో అంకెలు వేసిన జిప్ ఫైళ్లు. నాకు తెలిసిన విద్య ప్రదర్శించాను: నలభై జిప్‌లు ఒక్కొక్కటే విప్పి అన్నీ ఒకచోట పోశాను. అదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాని స్థానంలో ఇది పెట్టాలా అని అడిగినప్పుడల్లా సరేనన్నాను.

ఇప్పుడు రెండు తలనొప్పులు. ఒక రైస్ మిల్లు బిల్లు పుస్తకం తెరిస్తే వ్యాట్ నంబరుతో ఉన్న పాతది వచ్చింది. 2017లో జీఎస్టీకి మార్చి ఇచ్చినది కనిపించడం లేదు. రెండోది ఇంకా ఘోరం. పేజ్‌మేకర్‌ను సీడీ నుంచి ఎక్కించి పెళ్లి కార్డు తెరిస్తే, ‘పానోస్’ అంటూ ఒక పెట్టె వచ్చింది. ఓకే నొక్కితే ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఫైళ్లు పాడైపోయినట్టేనా? శ్రావణం దగ్గరపడుతోంది. ‘మా అక్క కార్డులాగే వేయండి’ అంటూ వచ్చేవాళ్లు మొదలయ్యారు.

పాత కంపోజిటర్:
అమ్మా, ఫైళ్లు నిక్షేపంగా ఉన్నాయి. ముందు ఒక్క పని చేయండి: అలా తెరిచిన ఏ ఫైలునూ సేవ్ చేయకండి. ఆ పానోస్ పెట్టె చెబుతున్నది, ‘నువ్వడిగిన ఫాంటు నా దగ్గర లేదు, దగ్గరగా ఉన్నది వేస్తున్నాను’ అని. అందులో తాత్కాలికం, శాశ్వతం అని రెండు ఎంపికలుంటాయి. శాశ్వతం ఎంచుకుని సేవ్ చేస్తే అప్పుడు నిజంగా చిక్కు.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కావు. ఫైల్లో ఉన్నది ఇంగ్లిషు అక్షరాలకు కంప్యూటర్ వాడే సంఖ్యలే. ఆ సంఖ్యల స్థానాల్లో తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటిగా ఫాంటు బొమ్మలు పెడుతుంది. ఫాంటు లేకపోతే అసలు వేషం బయటపడుతుంది, అంతే. మీ కార్డులో డాలర్ గుర్తు కనిపించిన చోట ఏదో ఒక తెలుగు ముక్క ఉండేది.

బ్యాకప్‌లో ఫాంట్లు రాకపోవడానికి కారణం ఉంది. విండోస్ 7 ఫైళ్ల బ్యాకప్ మీ ఫోల్డర్లను తీసుకుంటుంది కానీ, విండోస్ సొంత ఫోల్డర్‌ను, అందులోని ఫాంట్లను తీసుకోదు.

ఖమ్మం మెకానిక్:
జిప్‌లు చేత్తో విప్పడమే పొరపాటు మేడమ్. మొదటివారం అన్నీ తీసుకుంటుంది, తర్వాతి వారాల్లో మారినవి మాత్రమే. మీరు విప్పిన వరుసలో పాతది చివర వస్తే కొత్తదాని మీద కూర్చుంటుంది. మీ వ్యాట్ బిల్లు కథ అదే. డిస్క్‌లో అసలు ఫైలు క్షేమమే కాబట్టి, మీరు పోసిన కుప్పను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

విండోస్ 11లోనూ కంట్రోల్ ప్యానెల్‌లో ‘బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)’ అని ఉంది. అందులో వేరే బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసే లింకు నొక్కి మీ డిస్క్ చూపించండి. ఎక్కడ పెట్టాలి అని అడిగినప్పుడు పాత చోటు వద్దు, కొత్త ఫోల్డర్ చూపించండి. దాని కిందే పాత సబ్‌ఫోల్డర్లలోనే పెట్టమనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టడం మరవద్దు. లేకపోతే పదేళ్ల కార్డులు ఒకే కుప్పగా పడతాయి.

ఇంకొకటి. పాత కంప్యూటర్‌లో పని ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉండేవా? అయితే కొత్తదాంట్లోనూ డి పేరుతోనే ఒక భాగం చేసి, అదే ఫోల్డర్ పేర్లతో పెట్టండి. పేజ్‌మేకర్ బొమ్మల దారిని గుర్తుపెట్టుకుంటుంది. దారి మారితే ప్రతి బొమ్మనూ మీరే చూపించాలి.

తెనాలి అచ్చుకొట్టు:
డి డ్రైవే. మీరు చెప్పినట్టు చేస్తే మూడు గంటలు పట్టింది, జీఎస్టీ బిల్లు దొరికింది! ఇక ఫాంట్లు. అను సీడీ పెట్టె ఉంది, లోపల సీడీ లేదు. డిస్క్‌లో ‘విండోస్ ఇమేజ్ బ్యాకప్’ అని ఇంకో ఫోల్డర్ కనిపిస్తోంది. అదేమైనా పనికొస్తుందా?

ఖమ్మం మెకానిక్:
మీ తమ్ముడికి దండం పెట్టండి. అది పాత సి డ్రైవ్ మొత్తానికి ఫొటో లాంటిది. లోపలికి వెళ్తుంటే అనుమతి లేదంటుంది, కంటిన్యూ నొక్కండి. వీహెచ్‌డీ ఫైళ్లు (డిస్క్ భాగం మొత్తం ఒకే ఫైలుగా ఉన్నవి) రెండు ఉండవచ్చు. వంద ఎంబీ ఉన్న చిన్నది మనకు అక్కర్లేదు, పెద్దది కావాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ ఎంచుకుని, రీడ్ ఓన్లీ గడికి టిక్కు పెట్టండి. ఫార్మాట్ చేయనా అని ఏదైనా అడిగితే వద్దనండి. పాత సి డ్రైవ్ కొత్త అక్షరంతో ప్రత్యక్షమవుతుంది.

ఒక చిన్న మాయ ఉంది. నేనొకసారి ఇలా చేసి పాత ఫాంట్స్ ఫోల్డర్ తెరిస్తే కొత్త కంప్యూటర్ ఫాంట్లే కనిపించాయి. అరగంట జుట్టు పీక్కున్నాక, కమాండ్ ప్రాంప్ట్‌లో టీటీఎఫ్ ఫైళ్లన్నీ (ఫాంటు ఫైళ్లు) వేరే ఫోల్డర్‌కు కాపీ చేస్తే అసలువి బయటికొచ్చాయి. తర్వాత వాటిలో అనువి మాత్రం ఎంచి, రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అనండి.

నల్గొండ పిల్లగాడు:
ఇంత కష్టం ఎందుకండీ? అన్నీ యూనికోడ్‌లోకి మార్చేసుకుంటే ఫాంటు గొడవే ఉండదు కదా.

పాత కంపోజిటర్:
బాబూ, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. మార్చాలంటే సాఫ్ట్‌వేరూ మారాలి, మార్చిన ప్రతి కార్డునూ ప్రూఫ్ చదవాలి. ఎప్పటికైనా మారాల్సిందే, కాదనను. శ్రావణం ముందు మాత్రం కాదు. అమ్మా, ఒక మాట: ఫాంట్లతో పాత కార్డులు కనిపిస్తాయి, అచ్చవుతాయి. కొత్తగా టైపు చేయాలంటే అను కీబోర్డు ప్రోగ్రామ్ కూడా కావాలి. ఆ సీడీ వెతకండి.

తెనాలి అచ్చుకొట్టు:
సీడీ పంచాంగాల కట్ట కింద దొరికింది, గీతలు పడ్డా ఎక్కింది. ఫాంట్ల దగ్గర ఖమ్మం వారు చెప్పిన మాయే నాకూ ఎదురైంది. ముందే చెప్పి ఉండకపోతే ఏడ్చేదాన్ని.

ఇప్పుడే 2014 నాటి ఆ అక్క కార్డు తెరిచాను. ‘సుముహూర్తం’లో దీర్ఘం దాని చోట అది ఉంది. పేర్లు, తేదీ మార్చి చెల్లెలికి ప్రూఫ్ పంపాను. పైన వినాయకుడి బొమ్మ ఒక్కటే రాలేదు, హెచ్ డ్రైవ్‌లో ఉందంటోంది. అది పెన్‌డ్రైవ్ అన్నమాట. తమ్ముడికి ఫోన్ చేస్తే, వాడి కారులో పాటలు వింటున్నది దాంతోనేనట.