ఉదయాన పొగ, డిక్కీలో తీపి వాసన: ఇంజిన్ పోయినట్టేనా?

ప్లేనో పాతబండి:
నాది 2001 పోర్షె బాక్స్‌స్టర్, రెండే సీట్లు, వాటి వెనక 2.7 లీటర్ల ఇంజిన్. డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాను. కొన్నరోజున మా ఆవిడ "ఇందులో పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?" అని ఒక్కటే ప్రశ్న అడిగింది. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మూడు వారాలుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే వీధంతా పొగ. మొన్న ఎదురింటాయన నీళ్ల గొట్టం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కాసేపటికి తగ్గుతుంది కానీ సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ మొదలు. పైగా వారానికి అర లీటరు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పోస్తున్నాను. గరాజ్ నేల మీద ఒక్క చుక్క కూడా కనపడదు. ముందు బానెట్ ఎత్తి, అక్కడ ఇంజిన్ లేదని ఆశ్చర్యపోయిన మెకానిక్ ఒకాయన "హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైభాగాన్ని మూసి ఉంచే సీలు) పోయింది, ఇంజిన్ మార్చాలి" అన్నాడు. కూలెంట్ కలిసినట్టు ఆయిల్ మాత్రం పాలలా మారలేదు. ఏం చేయమంటారు?

ఆరు సిలిండర్లు:
ముందు ఆయనకు ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి. పొగకూ కూలెంట్‌కూ ముడి పెట్టకుండా విడివిడిగా చూడండి. ఆవిరి తెల్లగా వచ్చి గాలిలో ఇట్టే కలిసిపోతుంది. ఆయిల్ పొగ నీలంగా, మాడు వాసనతో వీధిలోనే వేలాడుతుంది.

నా అనుమానం ఎయిర్-ఆయిల్ సెపరేటర్ మీద. క్రాంక్‌కేసు (ఇంజిన్ లోపలి ఆయిల్ గది) గాలిలోంచి ఆయిల్ తుంపరను వేరుచేసే ప్లాస్టిక్ డబ్బా అది. లోపలి రబ్బరు పొర చిరిగితే ఇంజిన్‌లోకి గాలి తీసుకునే ఇన్‌టేక్ ఆ ఆయిల్‌ను పీల్చేస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూడండి. లోపలి నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టుంటే దొంగ దొరికినట్టే. పీడనం కొలిచే మానోమీటర్ ఉంటే ఇంకా మేలు. బాగున్న బండిలో శూన్యపీడనం 5 నీటి అంగుళాల దగ్గర ఉంటుంది.

ఈ ఇంజిన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి, కొన్నాళ్లు కదపని బండి స్టార్టింగ్‌లో కాస్త పొగ వదలడం మామూలే. సిగ్నల్ దగ్గర వదలడం మామూలు కాదు. వాయిదా వేయకండి. ఆయిల్ ఎక్కువగా సిలిండర్‌లో చేరితే అది గాలిలా నలగదు, పిస్టన్‌ను పట్టి ఉంచే రాడ్డే వంగుతుంది.

హ్యూస్టన్ శారద:
కూలెంట్ సంగతి నన్ను చెప్పనివ్వండి, నా బండిదీ అదే కథ. వెనక డిక్కీలో కార్పెట్ ఎత్తి చూశారా? కూలెంట్ ట్యాంకు ఉండేది అక్కడే. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ బీటలు వారితే కారేది గరాజ్ నేల మీదకు కాదు, కార్పెట్ కిందకు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చేతి పంపుతో ట్యాంకులో ఒత్తిడి పెట్టి, పంపు మీటరు ముల్లు దిగుతోందేమో చూడండి. గాస్కెట్ భయం తీరాలంటే నీలం ద్రవం పరీక్ష చేయండి. ట్యాంకులోని గాలిని ఆ ద్రవంలోంచి లాగితే పసుపు రంగు రాకూడదు. వస్తే సిలిండర్లలోని వాయువు కూలెంట్‌లోకి చేరుతున్నట్టే.

ప్లేనో పాతబండి:
శనివారమంతా దీనితోనే గడిచింది. ఆయిల్ మూతను రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. థ్రాటిల్ (ఇన్‌టేక్ గాలిని అదుపు చేసే తలుపు) దగ్గర గొట్టం విప్పితే లోపల ఆయిల్ మడుగు. కార్పెట్ కింద జిగట తడి, ట్యాంకు అడుగున వెంట్రుకంత బీట. నీలం ద్రవం నీలంగానే ఉంది! సెపరేటర్, ట్యాంకు రెండూ తెప్పిస్తున్నాను. అప్పటిదాకా బండి తీయను. ఎదురింటాయనకు ఈ మాట చెప్పాను కానీ, ఆయన గొట్టం మాత్రం ఇంకా బయటే ఉంది.