సాలిడ్, లామినేట్ యుకులేలే: చూడకుండా వింటే తేడా తెలుస్తుందా?

ప్రశ్న: నా దగ్గర రెండు యుకులేలేలు (గిటార్ లాంటి చిన్న నాలుగు తీగల వాద్యం) ఉన్నాయి, రెండూ కాన్సర్ట్ అనే ఒకే సైజువే. ఒకటి సాలిడ్ మహోగని (పొరలు అతికించని అసలు చెక్క), రెండోది లామినేట్ (పలచటి పొరలు అతికించిన చెక్క). వినేవాళ్లకి తేడా తెలుస్తుందా? పరీక్ష ఎలా పెట్టాలి?

జవాబు: ముందు రెంటికీ ఒకే రకం కొత్త తీగలు వేసి, సాగడం ఆగేదాకా కొన్ని రోజులు వదిలేయండి. వాయించేది ఒక్కరే, తెర వెనక. వినేవాళ్లు ఏది ఏదో 16 సార్లకి కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పాలి. 9 అంటే బొమ్మా బొరుసే!

మరో జవాబు: అసలు మోసం వాల్యూమ్‌దండీ. కాస్త గట్టిగా మోగిందే బాగున్నట్టనిపిస్తుంది. రికార్డు చేసి, వాల్యూమ్ సమం చేసి వినిపించండి. అన్నట్టు, సౌండ్ హోల్ (ముందు పలక మీదున్న రంధ్రం) అంచు చూశారా? పైనున్న చెక్క గీత అంచులోకి అలాగే దిగితే సాలిడ్, పొరలు కనిపిస్తే లామినేట్.

ప్రశ్న అడిగినవారు: గీత దిగింది. కానీ సాలిడ్‌కి ఫ్లోరోకార్బన్, రెండోదానికి నైలాన్ తీగలున్నాయి.

జవాబు: అయితే ఇప్పటిదాకా విన్నదాంట్లో తీగల తేడా ఎంతో, చెక్కది ఎంతో విడదీయలేం. మార్చి మళ్లీ వినండి. సాలిడ్‌ని మాత్రం ఏసీ గదిలో కేసులోంచి తీసి వదిలేయకండి, తేమ తగ్గితే పగలొచ్చు.